ఎస్‌జీపీటీ నార్మల్ అని ఊరుకోకు

అమ్మలూ,

బాబుకి హిమోగ్లోబిన్ బాగుంది, లివర్ టెస్టు కూడా నార్మలే, ఇంక టెన్షన్ లేదు పెద్దమ్మా అన్నావు. ఆ రెండో మాట దగ్గరే నాకు గుబులు. తరచూ రక్తం ఎక్కించాల్సిన మన బాబులాంటి తలసేమియా పిల్లల్లో ఎస్‌జీపీటీ, అదే ఆ లివర్ టెస్టు, నార్మల్ వస్తూనే లివర్లో ఐరన్ పేరుకుపోవచ్చు, నొప్పి ఉండదు, పిల్లాడు ఆడుకుంటూనే ఉంటాడు.

ఎక్కించే ఒక్కో యూనిట్ రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది, ఒంట్లోంచి రోజుకి పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, మిగిలిందంతా లివర్లో, గుండెలో, గ్రంథుల్లో చేరుతుంది. ఐరన్ కలిపిన రేషన్ బియ్యం గురించి కంగారు పడ్డావు కదా, కిలోకి అది 43 మిల్లీగ్రాముల లోపే, ఒంటికి పట్టేది అందులోనూ కొంచెమే. డాక్టరుగారికి ఓ మాట చెప్పు గానీ, నీ కంగారంతా ఐరన్‌ని బయటికి పంపే మాత్ర మీద పెట్టు.

ఆ మాత్రే డెఫెరాసిరాక్స్, అది రోజూ ఒకే టైముకి పడాలి. నీళ్లలో కలిపే రకమైతే పరగడుపున, టిఫినుకి అరగంట ముందు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం వెంటనే ఫోన్ చేసి ఆపాలా అని అడుగు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది. నెలనెలా క్రియాటినిన్ అనే కిడ్నీ టెస్టు చేసేది అందుకే. ఇంకో సంగతి, పెద్దయ్యాక వీళ్లే ఎగ్గొడతారు! మావాడు ఇంటర్లో వేసుకున్నానని చెప్పి మాత్రలు కాలేజీ బ్యాగులో దాచేవాడు. అందుకని ఇప్పట్నుంచే ఎదురుగా మింగించు.

ఒంట్లో ఐరన్ నిల్వని అంచనా వేసే రక్తపరీక్ష ఫెరిటిన్, అది 1000 లోపు ఉండేలా చూసుకోమంటారు, కానీ జ్వరం వచ్చినా అది పెరుగుతుంది, కాబట్టి ఒక్క రిపోర్టు చూసి ఏడవకు, ఒక్కటి చూసి మురిసిపోకు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టు. లివర్లో నిజంగా ఎంత ఉందో చెప్పేది ఎమ్మారై టీ2 స్టార్ అనే స్కానింగు, కదలకుండా పడుకునే వయసు రాగానే అడిగి చేయించు. ఎక్కించే రక్తం ద్వారా లివర్‌కి సోకే వైరస్‌లూ ఉన్నాయి, హెపటైటిస్ బి టీకా పడిందో లేదో చూడు, హెపటైటిస్ సి టెస్టు ఏడాదికోసారి చేయించు. సి వచ్చినా ఇప్పుడు మూణ్ణెల్ల మాత్రలతో చాలామందికి పూర్తిగా పోతోంది.

కళ్లు పచ్చబడితే మీ అత్తగారు కామెర్లని పసరు పోయిస్తానంటారు, ససేమిరా వద్దు. ఈ పిల్లలకి ఎర్రకణాలు విరిగినా, పిత్తాశయంలో రాళ్లు పడినా కళ్లు పచ్చబడతాయి, అది స్కానింగులో తేలాలి గానీ పసరుతో కాదు, పైగా ఆ పసరు భారం మోసేది మళ్లీ ఆ లివరే. నువ్వు చెబితే గొడవవుతుందంటే నేనే ఆవిడకి ఫోన్ చేస్తాలే.

మీ పెద్దమ్మ