రిటైరవుతున్న సార్ పేరున అనంతపురంలో రెండు రోజుల నంబర్ థియరీ సదస్సు: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

అంకగణిత ప్రమేయాల (ఒక్కో సహజసంఖ్యకు దాని భాజకాల మొత్తం లాంటి విలువనిచ్చే ఫంక్షన్ల) మీద జీవితమంతా పనిచేసిన మీ గైడు సార్ రిటైరవుతున్నారు, ఆయన గౌరవార్థం సదస్సు పెట్టాలి, ముందు ఏం చేయాలి అని అడిగారు. ఇలాంటివి నడిపిన అనుభవంతో చెప్తున్నా: హాలు, భోజనాలు తర్వాత. ముందు సార్ పేపర్ల జాబితా తయారు చేయండి. ఎవరిని పిలవాలో అందులోంచే తేలుతుంది.

గణిత పేపర్ల వివరాలుండే ఆన్‌లైన్ డేటాబేస్ జెడ్‌బీమ్యాథ్ ఓపెన్ 2021 నుంచి అందరికీ ఉచితం. అందులో వెతికితే చాలావరకు దొరుకుతాయి. చిక్కంతా మన పేర్లతోనే. ఒక పేపర్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, మరో దాంట్లో పూర్తిగా వెనకుంటుంది. దాంతో ఒకే మనిషి ఇద్దరుగా, ఇద్దరు రెడ్లు ఒక్కరుగా కనిపిస్తారు. అంకగణిత ప్రమేయాలకు ఇచ్చిన 11ఏ25 అనే విషయ సంకేతంతో వడపోసి, సార్ బీరువాలోని రీప్రింట్లతో పోల్చి చూడండి. తర్వాత ఆ పేపర్లను ఎవరెవరు వాడుకున్నారో చూడండి. పిలవాల్సింది వాళ్లనే. పెద్ద పేరుందని సంబంధం లేని వాళ్లను పిలిస్తే వాళ్లు ఎక్కడైనా చెప్పే ప్రసంగమే ఇక్కడా చెప్పి వెళ్తారు.

రెండు రోజులకు గంట ప్రసంగాలు ఆరు చాలు: 50 నిమిషాలు చెప్పడానికి, 10 ప్రశ్నలకు. మొదటిది సార్ పని మీద సర్వే కావాలి. దాన్ని సహరచయితకో సీనియర్ శిష్యుడికో అప్పగించి, మొదటి పావుగంట ఎమ్మెస్సీ పిల్లలకు అర్థమయ్యేలా ఉండాలని ముందే చెప్పండి. సార్ పని యూనిటరీ భాజకాల మీద అనుకుందాం. 12తో మొదలుపెట్టొచ్చు. ఒక భాజకానికీ, దానితో 12ను భాగిస్తే వచ్చేదానికీ గ.సా.భా. 1 అయితేనే లెక్కలోకి వస్తుంది. అలా 1, 3, 4, 12 నిలుస్తాయి, 2, 6 పోతాయి. ఇలాంటి భాజకాలన్నీ కూడితే వచ్చేది ఆ సంఖ్యకు సరిగ్గా రెట్టింపైతే అది యూనిటరీ పరిపూర్ణ సంఖ్య. 60 అంటే 4×3×5 కదా, ఒక్కోదానికి 1 కలిపి గుణిస్తే ఆ మొత్తం వస్తుంది: 5×4×6 = 120, సరిపోయింది. 6, 60, 90, 87360 తర్వాత తెలిసిన ఐదోదానికి 24 అంకెలున్నాయి. ఆరోది ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. ఇవి పరిమితమేనని గణితవేత్త ఎం.వి. సుబ్బారావుగారు ఊహించారు, రుజువు ఇంకా రాలేదు. ఆయన కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లకముందు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసినవారే. ఇంత చెప్తే పిల్లలు మిగతా 35 నిమిషాలు కూర్చుంటారు.

శాలువాలు, దండలు ప్రారంభ సభలో పెట్టొద్దు. అతిథి గంట ఆలస్యమైతే ఆ గంట మొదటి ప్రసంగం నెత్తిన పడుతుంది. పొద్దున దీపం వెలిగించి పది నిమిషాల్లో ముగించండి. సన్మానం మొదటిరోజు సాయంత్రం 5 తర్వాత పెట్టుకోండి, ఎంతసేపు పొగిడినా ఎవరికీ నష్టం లేదు.

ఈ సబ్జెక్టు వాళ్లు బోర్డు మీదే చెప్తారు. వెనక వరుసకు కనబడే పెద్ద బోర్డు, తడిగుడ్డ, మంచి సుద్దముక్కలు ఉండాలి. స్లైడ్లు తెచ్చేవాళ్ల దగ్గర పీడీఎఫ్ మాత్రమే తీసుకోండి. వర్డ్, పవర్‌పాయింట్ ఫైళ్లు వేరే కంప్యూటర్లో తెరిస్తే ఫాంట్లు లేక సిగ్మాలు, కాంగ్రుయెన్స్ గుర్తులు డబ్బాలైపోతాయి. ప్రసంగాల సారాంశాలు మాత్రం లేటెక్‌లో (గణితం టైపు చేసే సాఫ్ట్‌వేర్‌లో) అడగండి.

నంబర్ థియరీ అని ప్రకటించగానే ఇంతవరకు తేలని గోల్డ్‌బాక్ ఊహకో రీమాన్ ఊహకో రెండు పేజీల రుజువులు వచ్చి పడతాయి. కసురుకోవద్దు. "ఇందులో కొత్త లెమ్మా (రుజువులో మెట్టులా వాడే చిన్న ఫలితం) ఏది? ఇంతకుముందు ఎక్కడ ఆగిపోయారు, మీరు ఎలా దాటారు?" అని ఒక పేజీ రాసిమ్మనండి. చాలామంది అక్కడే ఆగిపోతారు. రాసిచ్చినవాళ్లది ఒకరితో చదివించండి.

తేదీ విషయంలో డిసెంబరు 22 అందరికీ తట్టేదే. రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం కాబట్టి ఆ వారం ప్రతి కాలేజీలో కార్యక్రమం ఉంటుంది, వక్తలు దొరకరు. ఎండాకాలం అనంతపురం సంగతి మీకు చెప్పక్కర్లేదు. సంక్రాంతి సెలవులు అయ్యాక, సెమిస్టర్ పరీక్షలు తగలకుండా చూసుకోండి. విమానంలో వచ్చేవాళ్లకు బెంగళూరు దగ్గర. ఎయిర్‌పోర్టు దేవనహళ్లిలో ఉంది కాబట్టి నగరంలోకి వెళ్లకుండానే 44వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా రావచ్చు. ఇద్దరు ముగ్గుర్ని ఒకే కారులో కలిపితే ఖర్చు తగ్గుతుంది.

డబ్బుకు జాతీయ ఉన్నత గణిత మండలికి దరఖాస్తు పెట్టొచ్చు, కానీ నెలల ముందే పెట్టాలి. శాలువాలు, జ్ఞాపికల ఖర్చు గ్రాంటు పద్దులో కలపకండి, శిష్యులంతా చందా వేసుకుని విడిగా పెట్టుకోండి. ఆడిట్‌లో అభ్యంతరం వచ్చేది ఎక్కువగా అక్కడే. వక్తల టికెట్లు, బోర్డింగ్ పాసులు వాళ్లు ఊరు దాటకముందే తీసుకోండి. తర్వాత మెయిళ్లు పెడుతూ కూర్చుంటే గ్రాంటు ఖర్చుకు ఇవ్వాల్సిన యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఆగిపోతుంది.