లవంగం పెట్టు, రోజులు లెక్కపెట్టు

కవిటి

అమ్మడూ,

పెద్దమ్మ ఆశీస్సులు. అల్లుడికి కింది దవడ పన్ను సలుపుతోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రక్తంలో క్రియాటినిన్ ఎక్కువుందని, అంటే కిడ్నీ సరిగా పనిచెయ్యట్లేదని, నొప్పి బిళ్ళలు వద్దన్నారటగా. అందుకే నువ్వు లవంగ నూనె, వేప పుల్ల, నువ్వుల నూనె అన్నీ ఒకేసారి మొదలుపెట్టించావట. చెయ్యి, నేను కాదనను. నేనూ అరవై ఏళ్ళుగా చేస్తున్నదానినే. ఏది ఎంతవరకు పనికొస్తుందో తెలిసి చెయ్యాలని ఈ ఉత్తరం.

ముందు బిళ్ళల మాట. మన ఉద్దానంలో కిడ్నీ రోగి లేని వీధి వెతుక్కోవాలి. డైక్లోఫినాక్, ఇబుప్రోఫెన్ లాంటివి దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. మందుల షాపులో "ఒక్కటేగా, ఏం కాదులే" అని ఇచ్చినా తీసుకోవద్దు. నొప్పి మరీ ఓర్చుకోలేకపోతే పారాసెటమాల్ ఎంత వేసుకోవచ్చో ఆ కిడ్నీ డాక్టరునే అడగండి.

లవంగంలో యూజినాల్ అనేది ఉంటుంది. అది పన్ను చుట్టూ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది. లవంగ నూనె అచ్చంగా పెడితే చిగురు కాలి తెల్లగా పొక్కుతుంది. చెంచా కొబ్బరి నూనెలో రెండు చుక్కలు కలిపి, దూదితో పన్ను మీద మాత్రమే అద్దు. చిన్నపిల్లలకు మాత్రం వద్దు.

నా సంగతి నీకు తెలియదు, అప్పటికి నువ్వు హాస్టల్లో ఉన్నావు. సంక్రాంతికి నాకు ఎడమ వైపు పన్ను పోటు మొదలైంది. లవంగం పెట్టుకున్నాను, తగ్గింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పెట్టుకున్నాను. ఉగాది వెళ్ళేసరికి నొప్పి పూర్తిగా పోయింది. లవంగమే నయం చేసిందని ఊరంతా చెప్పుకున్నాను. తీరా జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఒక రాత్రి చెంప ఉబ్బి, జ్వరం వచ్చి, నోరు రెండు వేళ్ళు కూడా పట్టనంతగా బిగుసుకుపోయింది. మీ పెదనాన్న కారు మాట్లాడి రాత్రికి రాత్రి శ్రీకాకుళం తీసుకెళ్ళారు. పన్ను లోపలి నరం చచ్చిపోయింది కాబట్టి నొప్పి ఆగిందనీ, చీము మాత్రం లోలోపల ఎముక దాకా పోయిందనీ అక్కడి డాక్టరు చెప్పాడు. ఒక పన్నుతో పోవలసింది రెండు పళ్ళు పోయాయి. అల్లుడికి నొప్పి ఉన్నట్టుండి మాయమైతే సంబరపడొద్దని చెప్పేది అందుకే. లవంగానికి మూడు రోజులు గడువు పెట్టు. ఆ తర్వాత నొప్పి ఉన్నా పోయినా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పుచ్చు పడ్డాక ఆ కన్నాన్ని ఏ ఆకూ పూడ్చదు.

ఉప్పు నీళ్ళకు ఇన్ని భయాలు లేవు. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు, రోజుకు రెండుమూడుసార్లు. అల్లుడికి ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి పుక్కిలించి ఉమ్మెయ్యాలి, మింగకూడదు.

నువ్వుల నూనె పుక్కిలించడం మన పెద్దలది. ఆయుర్వేదంలో నోట్లో తిప్పి ఉమ్మడాన్ని కవలం అనీ, నోటి నిండా పట్టి ఉంచడాన్ని గండూషం అనీ అంటారు. దీనిమీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. పాచి, నోటి క్రిములు కొంత తగ్గినట్టు కనబడిందట. కొద్దిమంది మీద, కొద్ది వారాలే చేసినవి అవి. పుచ్చు ఆగుతుందని మాత్రం ఎవరూ తేల్చలేదు. నాకైతే నోరు హాయిగా ఉంటుంది, పొద్దున్నే పరగడుపున ఒక చెంచా పట్టి పది నిమిషాలు తిప్పుతాను. నూనె గొంతులోకి జారి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. అందుకే పిల్లలకూ, పొరబోయే ముసలివాళ్ళకూ వద్దు.

వేప పుల్ల లేతది, చిటికెన వేలంత లావుది తీసుకో. నమిలి కుంచెలా అయ్యాక చిగురు నుంచి పన్ను కొసకు తోమాలి. అడ్డంగా రాస్తే చిగుళ్ళు కిందికి దిగిపోతాయి. పుల్లతో తోమినా రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టు మానొద్దు. పుచ్చు రాకుండా చేస్తుందని గట్టిగా రుజువైనది అదే. కచ్చిక (కాల్చిన పిడక పొడి), బొగ్గు, ఇటుక పొడి మాత్రం ఇంట్లోంచి తీసెయ్యి. తెల్లగా మెరుస్తున్నట్టే ఉంటుంది, పైన ఎనామిల్ అరిగిపోతుంది, అది మళ్ళీ పుట్టదు. నిమ్మకాయ రుద్దడమూ అంతే.

డాక్టరు దగ్గరికి క్రియాటినిన్ రిపోర్టు, వాడే మందుల చీటీ తీసుకెళ్ళండి. యాంటీబయాటిక్ మోతాదు దాన్నిబట్టే రాస్తారు. చెంప ఉబ్బినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా మూడు రోజులు చూడొద్దు, ఆ పూటే బయలుదేరండి.

ఇంకొకటి, అడగడానికి మొహమాటంగా ఉంది. మీ అత్తగారు అడ్డపొగ, అదే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం, మానలేదు కదా? పంటిపోటుకు ఆ పొగ మంచిదని మా మామ్మ కూడా అనేది. నిప్పు నోట్లో పెట్టుకుంటే వేడి, పొగ నేరుగా అంగిలికే తగులుతాయి. 1960ల నుంచీ మన జిల్లా పల్లెల్లో నోళ్ళు పరీక్షించిన డాక్టర్లు ఈ అలవాటున్నవాళ్ళకు అంగిట్లో మచ్చలు, క్యాన్సర్ చూశారు. పళ్ళకు రుద్దుకునే గుడాకు కూడా పొగాకే. నువ్వు మెత్తగా అడిగితే ఆవిడ నోరు తెరుస్తారు. పగటిపూట గుమ్మంలో కూర్చోబెట్టి, టార్చి వేసి అంగిలి చూడు. తెల్ల మచ్చ గానీ, రెండు వారాలుగా మానని పుండు గానీ కనిపిస్తే అల్లుడితో పాటు ఆవిడనీ తీసుకెళ్ళు. చూశాక ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ