ఇంట్లో బియ్యం ఉంటే ఆహార భద్రత ఉన్నట్టేనా? దాన్ని కొలవడం ఎలా?

సోషల్ వర్క్‌లో పీజీ చేస్తున్న మీరు, ప్రాజెక్టు కోసం ఒక ఊళ్లో అరవై ఇళ్లు తిరగబోతున్నానని, దాదాపు ప్రతి ఇంట్లోనూ రేషన్ బియ్యం కనిపిస్తున్నప్పుడు ఎవరికి ఆహార భద్రత ఉందో, ఎవరికి లేదో ఏ ప్రశ్నావళితో తేల్చాలని అడిగారు. తెలంగాణలోని నారాయణపేట, మక్తల్ వైపు గ్రామాల్లో రెండేళ్ల పాటు ఇలాంటి అధ్యయనంలో ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే పని చేశాను కనుక, అక్కడ నేర్చుకున్నదాన్ని బట్టి జవాబు రాస్తున్నాను.

ముందుగా బియ్యం లెక్క చూడండి. తెలంగాణలో మామూలు రేషన్ కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు వస్తాయి. నలుగురున్న ఇంటికి 24 కిలోలు, అంటే మనిషికి రోజుకు 200 గ్రాములు. వాటి నుంచి దొరికే శక్తి సుమారు 700 కిలోకేలరీలు. నాట్లకో, ఇటుక బట్టీకో వెళ్లే మనిషికి అది ఒక పూటకు చాలుతుందేమో. మిగిలిన బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు అన్నీ కూలి డబ్బుతోనో, కిరాణా కొట్టు ఖాతాతోనో రావాలి. 1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార శిఖరాగ్ర సమావేశం ఆహార భద్రత అంటే అందరికీ, అన్ని వేళలా, చాలినంత పోషకాహారం అందుబాటులో ఉండటమని చెప్పింది. మూలనున్న బియ్యం సంచి ఇందులో ‘అందరికీ’ అన్న మాట గురించి గానీ, ‘అన్ని వేళలా’ అన్న మాట గురించి గానీ ఏమీ చెప్పదు.

మీ పనికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల కొలమానం, ఎఫ్‌ఐఈఎస్, బాగా సరిపోతుంది. తిండి చాలదేమోనన్న దిగులుతో మొదలై, ఆరోగ్యకరమైనవి తినలేకపోవడం, ఒకటి రెండు రకాలతోనే సరిపెట్టుకోవడం, పూట మానడం, తక్కువ తినడం, ఇంట్లో తిండి అయిపోవడం, ఆకలేసినా తినకపోవడం, చివరికి రోజంతా పస్తు ఉండటం వరకు ఆ ప్రశ్నలు సాగుతాయి. ప్రతి ప్రశ్నలోనూ ‘డబ్బు లేక, వేరే దారి లేక’ అన్న మాట ఉంటుంది. విసుగనిపించినా దాన్ని ఒక్కసారి కూడా వదలకండి. అది ఎందుకు ముఖ్యమో నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక ఊళ్లో ఒక పెద్దమ్మను పూట మానేశారా అని అడిగితే ‘ఇయ్యాల ఒక్కపొద్దు బిడ్డా’ అంది. శనివారం ఒక్కపొద్దులు ఆ ప్రాంతంలో మామూలే కాబట్టి, అది మొక్కుబడి ఉపవాసమనుకొని ‘లేదు’ అని రాసుకున్నాను. కొన్ని రోజుల తరువాత మిగిలిన ప్రశ్నల కోసం బుధవారం నాడు వెళ్తే మళ్లీ అదే మాట. ఏ దేవుడికి అని అడిగాను. ఆమె కొంచెంసేపు ఊరుకొని, ‘కొడుకు పుణెకు పోయిండు, పైసలు పంపలే. పిల్లలిద్దరికి సాలాలె గద’ అంది. ఆ ఇంటి కాగితం దిద్దాను. అంతకుముందు నింపిన కాగితాల్లో ఎన్ని ఒక్కపొద్దులను ఇలాగే ‘లేదు’ కింద రాసి ఉంటానో అన్న బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఉపవాసం వేరు, పస్తు వేరు అని విడదీసి అడగడం మొదలుపెట్టాను.

అచ్చువేసిన ప్రశ్నల భాష కూడా ఇలాగే దారి తప్పిస్తుంది. మా ప్రశ్నావళిలో మొదట ‘ఆందోళన చెందారా’ అని ఉండేది. ఊళ్లో ఆందోళన అంటే ధర్నా కనుక, తాము ఏ ధర్నాకూ వెళ్లలేదని చాలామంది సమాధానం చెప్పారు. ‘తిండికి రంది అయిందా’ అని మార్చాక ప్రశ్న అర్థమైంది. ‘పౌష్టికాహారం’ అంటే అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం అనుకున్నారు. అందువల్ల సర్వేకు ముందే నాలుగైదు ఇళ్లలో ప్రశ్నలు చదివి వినిపించి, వాళ్లకు ఏమి అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకోండి.

ఎవరిని అడుగుతున్నారన్నది ప్రశ్న ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. ఇంటి యజమాని అరుగు మీద నలుగురి ముందు ‘మాకేం తక్కువ’ అంటాడు. అది అబద్ధం కాదు, పరువు. వండేది, చివర తినేది ఆడవాళ్లు కాబట్టి వాళ్లతో విడిగా, పొయ్యి దగ్గర కూర్చొని మాట్లాడండి. కష్టకాలంలో ఇల్లు నెట్టుకొచ్చే తీరును కొలిచే ఐదు ప్రశ్నల సూచికలో, పిల్లల కోసం పెద్దలు తమ తిండి తగ్గించుకోవడానికి 3 పాళ్ల బరువు, తిండి అప్పు తేవడానికి లేదా బంధుమిత్రుల సాయం మీద ఆధారపడటానికి 2, మిగిలిన మూడింటికి ఒక్కొక్కటి చొప్పున ఇచ్చారు. ఆ 3 ఎందుకో ఆ పెద్దమ్మ ఇల్లు చూశాక నాకు ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

ఏమి తిన్నారో తెలుసుకోవడానికి ప్రపంచ ఆహార కార్యక్రమం వాడే ఏడు రోజుల ఆహార స్కోరును ఎఫ్‌ఐఈఎస్‌కు తోడుగా పెట్టుకోండి. ఇందులో ఒక్కో రకం తిన్న రోజుల సంఖ్యను దానికిచ్చిన బరువుతో గుణించి అన్నీ కూడతారు. అయితే చాయ్‌లో పాలతో జాగ్రత్త. వారమంతా అన్నం తిని (14), రెండు రోజులు పప్పు (6), ఐదు రోజులు కూరగాయలు (5), రోజూ నూనె (3.5), రోజూ చక్కెర (3.5) వాడిన ఇంటికి 32 వస్తుంది. నూనె, చక్కెర రోజూ వాడే చోట్ల తీసుకునే 28, 42 హద్దుల ప్రకారం, వాటి మధ్య ఉంది కనుక, అది అంతంతమాత్రపు స్థితి. అదే ఇంట్లో చాయ్‌లో పోసిన రెండు చెంచాల పాలను ఏడు రోజుల పాలుగా రాస్తే మరో 28 కలిసి 60 అవుతుంది, ఇల్లు ఒక్కసారిగా ‘బాగుంది’ జాబితాలోకి వెళ్లిపోతుంది. గ్లాసుతో తాగిన పాలను, అన్నంలో కలుపుకున్న పెరుగును మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

ఎప్పుడు వెళ్తారన్నది కూడా ఆలోచించండి. వర్షాధార పంటల ఊళ్లలో కందులు, జొన్నలు ఇంటికొచ్చిన మాఘమాసంలో కనిపించే ఇల్లు వేరు. విత్తనాలకూ ఎరువులకూ చేతిలోది ఊడ్చి పెట్టిన ఆషాఢంలో కనిపించే ఇల్లు వేరు. వీలైతే అవే ఇళ్లకు రెండుసార్లు వెళ్లండి. వీలుకాకపోతే గడిచిన పన్నెండు నెలల గురించి అడిగి, ఏ నెలలు కష్టంగా గడిచాయో పండుగల గుర్తులతో చెప్పించుకోండి. ఊళ్లో జాతరో పెళ్లో జరిగిన వారం మాత్రం ఏడు రోజుల ప్రశ్నలు అడగకండి. వలస వెళ్లినవాళ్ల ఇళ్లకు తాళం ఉంటే వాటిని జాబితా నుంచి కొట్టేయకుండా తాళం అని రాసి ఉంచండి. ఆ సంఖ్య కూడా ఊరి పరిస్థితే.

విశ్లేషణలో ఎఫ్‌ఐఈఎస్, ఏడు రోజుల ఆహార స్కోరు అనే రెండు కొలమానాల అంకెలను కలిపి ఒక్క అంకె చేయవద్దు. ఒకటి అనుభవాన్ని, మరొకటి తిండిలోని వైవిధ్యాన్ని చెబుతుంది. అవి విభేదించిన ఇళ్లే మీరు మళ్లీ వెళ్లి మాట్లాడవలసిన ఇళ్లు. అరవై ఇళ్లతో జిల్లా అంతటి శాతాలు ప్రకటించకుండా, ఏ ఇల్లు ఎన్ని ప్రశ్నలకు అవునన్నదో అలాగే చూపించండి.

రోజంతా పస్తు ఉన్నారా అన్న చివరి ప్రశ్నకు అవునన్న ఇంట్లో కాగితం మడిచి లేచి రావడం చాలా కష్టం. రేషన్ కార్డులో పేర్లు చేర్పించడానికి ఎక్కడ దరఖాస్తు చేయాలో, ఏ అంగన్‌వాడీ ఆ వీధికి వస్తుందో, పింఛను కోసం ఎవరిని కలవాలో సర్వే మొదలయ్యే ముందే కనుక్కొని, ఒక చీటీ మీద తెలుగులో రాసి మీ వెంట ఉంచుకోండి.