గుసగుస వెనక హోరు, కథ మీద హక్కు

ప్రశ్న: దెయ్యం కథలు రాసి, నేనే చదివి పాడ్‌కాస్ట్‌గా పెడుతున్నాను. మామూలు మాటలు బాగానే వస్తున్నాయి. పాత్ర గుసగుసలాడే చోట మాత్రం వెనక హోరు వినిపిస్తోంది. ఎడిటింగ్‌లో హోరును తగ్గించే నాయిస్ రిడక్షన్ వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంది. ఏం చేయాలి?

జవాబు: ఆ హోరు రికార్డింగ్ అంతటా ఉందండీ. మామూలు గొంతు దాన్ని కప్పేస్తుంది. గుసగుస చిన్నగా పడిందని ఎడిటింగ్‌లో 15 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) పెంచారనుకోండి, ఫ్యాను, ఫ్రిజ్, మైక్ సొంత రొద అన్నీ అంతే పెరుగుతాయి. అందుకని రికార్డు చేసేటప్పుడే మైక్ దగ్గరికి జరగండి. కథనం జానెడు దూరం నుంచి చదివితే, గుసగుస బెత్తెడు దూరం నుంచి పలకండి. దూరం మూడో వంతు అయ్యేసరికి గొంతు 9 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది, హోరు మాత్రం ఉన్నంతే ఉంటుంది. అంత దగ్గర్లో ‘ప’, ‘ఫ’, ‘భ’ పలికినప్పుడు ఊపిరి తగిలి ‘ధబ్’మంటుంది. మైక్‌ను నోటికి ఎదురుగా పెట్టకుండా పెదవి కొసకు ఓరగా పెట్టండి.

ఇంకా మిగిలిన హోరును 6 డెసిబెల్స్ మేర తగ్గించి ఆపేయండి. ఒక్కసారిగా 20 తీసేయబోతే దాంతోపాటు గొంతు కూడా కొంత పోతుంది. మీరు విన్న నీళ్ల చప్పుడు అదే.

హారర్‌లో మాట ఎంత ముఖ్యమో నిశ్శబ్దమూ అంతే. తలుపు గడియ కదిలింది, ఆపైన మూడు సెకన్లు ఏమీ లేదు. ఆ ఖాళీని పూర్తిగా మ్యూట్ చేస్తే, ఇయర్‌ఫోన్స్‌లో వినేవాళ్లు ఫోన్ ఆగిపోయిందనుకుంటారు, భయం అక్కడే తెగిపోతుంది. రికార్డింగ్‌కి కూర్చున్న ప్రతిసారీ 30 సెకన్లు ఊరకే ఉండి గది చప్పుడు పట్టుకోండి, ఖాళీల్లో దాన్నే పరవండి.

ప్రశ్న: నా కొత్త కథను ముందు పాడ్‌కాస్ట్‌లో చదవనా, పత్రికకు పంపనా?

జవాబు: పత్రికకే ముందు పంపండి. చాలా పత్రికలు ఎక్కడా రాని కథనే అడుగుతాయి. మీ గొంతుతో చదివి పెట్టినా అది ప్రచురణ కిందే లెక్కగడతారు. మొదటి ప్రచురణ హక్కు ఒక్కసారే ఇవ్వగలరు, అది చేజారితే తిరిగిరాదు. పత్రికలో వచ్చాక, ఒప్పందంలో రాసిన గడువు దాటగానే ఎపిసోడ్ చేసుకోవచ్చు.

ఒప్పందంలో రెండు చోట్ల ఆగి చదవండి. ఆడియో హక్కులు ఎవరివి? గడువు ఎంత? ‘అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా’ అని ఉంటే మీ కథను మీ పాడ్‌కాస్ట్‌లోనే చదవడానికి మీరు అనుమతి అడగాల్సి రావచ్చు. ఆడియో హక్కులు మీ దగ్గరే ఉంచుతూ వాక్యం మార్చమని సంతకానికి ముందే అడగండి. అడిగితే అవకాశం పోతుందని చాలామంది వెనకాడతారు, దయచేసి వెనకాడకండి.

ప్రశ్న: ఉచితంగా దొరికిన సంగీతం వాడుతున్నాను. ప్రకటనలు మొదలుపెట్టొచ్చా?

జవాబు: ముందు లైసెన్సు చూడండి. క్రియేటివ్ కామన్స్‌లో (సృష్టికర్తలు తమ పనిని కొన్ని షరతులతో ఇతరులు వాడుకోనిచ్చే లైసెన్సులు) ‘నాన్ కమర్షియల్’, అంటే వ్యాపారానికి వాడకూడదు, అని ఉంటే ప్రకటనలున్న ఎపిసోడ్‌లో వాడకూడదు. ‘అట్రిబ్యూషన్’, అంటే పేరు చెప్పాలన్న షరతు, ఒక్కటే ఉంటే వాడొచ్చు. స్వరకర్త పేరు, లైసెన్సు వివరం, మీరేమైనా మార్చి ఉంటే ఆ సంగతి ఎపిసోడ్ వివరణలో రాయాలి. పాత ఎపిసోడ్లనూ ఒకసారి తిరగేయండి, ప్రకటనలు వాటిలోకి కూడా రావచ్చు.