గేదె చేపడం లేదని సూది మోతాదు పెంచవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాకు రెండు ముర్రా గేదెలు ఉన్నాయి. వాటిలో రెండో ఈత గేదెకు దూడ మూడు వారాలకే పారుడు పట్టి చనిపోయింది. అప్పటి నుంచి గేదె చేపడం, అంటే పాలు కిందికి దించడం, మానేసింది. పాలు పితికే మనిషి రెండు పూటలా సూది వేసి తీస్తున్నాడు. మొదట్లో అర సీసీకే పూటకు మూడు లీటర్లు వచ్చేవి. నాలుగు నెలలు గడిచేసరికి రెండు సీసీలు వేసినా రెండు లీటర్లు దాటడం లేదు. సూది వేయని పూట చుక్క కూడా రావడం లేదు. ఈ మధ్య ఎదకు వస్తే కట్టించాం. పదో రోజుకే మళ్లీ అరవడం మొదలుపెట్టింది. సీసా మీద కాగితం కూడా ఉండదు. మందు నకిలీదా? ఇంతకంటే పవరు ఉన్న మందు ఏదైనా చెప్పండి. కాల్షియం తాగిస్తే చేపుతుందంటున్నారు, నిజమేనా? ఈ పాలు మా మనవరాలికి పట్టవచ్చా?
– ఒక మహిళా రైతు, కొండపి మండలం, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. మోతాదు ఇక ఒక్క చుక్క కూడా పెంచకండి. పవరు ఉన్న మందు కోసం వెతకవద్దు. పేరు లేని సీసాలో ఏముందో ఎవరూ చెప్పలేరు కాబట్టి దాన్ని నమ్మలేం, అది వేరే సంగతి. కానీ మీరు చెప్పిన లక్షణాలు, అంటే మోతాదు నాలుగింతలు కావడం, పాలు తగ్గడం, సూది లేకపోతే అసలు చేపకపోవడం, అసలైన మందు, అంటే చేపు కోసం వేసే ఆక్సిటోసిన్, వాడినా వస్తాయి. దానికి కారణం పొదుగులోని కణాల్లో ఉంది. అది తెలిస్తే సూది విషయంలో ఏం చేయాలో మీకే అర్థమవుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పాలు తయారై నిలిచేది పొదుగు అంతటా పరచుకొని ఉండే సన్నని గుల్లల్లో. ఒక్కో గుల్ల మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఆవుల్లో కొన్ని పాలు ముందుగానే చన్నుల పైనున్న ఖాళీలోకి దిగి ఉంటాయి. ముర్రా గేదెల్లో అలా దిగి ఉండేది మొత్తం పాలలో దాదాపు 5 శాతమే. మిగతాదంతా గుల్లల్లోనే ఉండిపోతుంది. ఎంత గట్టిగా పిండినా అది చన్నుల్లోకి రాదు. సూది లేని పూట చుక్క కూడా రావడం లేదని మీరన్నది అందుకే. పాలు లేక కాదు, అవి కిందికి దిగక.

కుండ చుట్టూ ఉట్టి తాళ్లు ఉన్నట్టు, ఒక్కో గుల్ల చుట్టూ నక్షత్రం ఆకారంలో ఉండే కణాలు అల్లుకొని ఉంటాయి. ఇవి కండరంలా ముడుచుకుంటాయి. ముడుచుకుంటే గుల్ల నొక్కుకొని పాలు సన్నని నాళాల్లోకి, అక్కడి నుంచి చన్నుల్లోకి వస్తాయి. మనం చేపు అనేది దీన్నే. ఆ కణాలు ముడుచుకోవడానికి కావలసిన హార్మోన్ ఆక్సిటోసిన్. దూడ చన్ను నోట పట్టినా, మీరు పొదుగు కడిగి నిమిరినా, ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. అప్పుడు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి విడుదలవుతుంది. ఇది 9 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. డు విన్యో అనే అమెరికా శాస్త్రవేత్త 1953లో దీన్ని ప్రయోగశాలలో తయారు చేశారు, 1955లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అసలైన సూదిమందులో ఉండేదీ, గేదె తనంతట తాను విడుదల చేసుకునేదీ ఒకటే పదార్థం.

అయితే ఆక్సిటోసిన్ కణం లోపలికి వెళ్లి పని చేయదు. అది బయటే ఆగిపోతుంది. కణం పై పొరలో దాన్ని పట్టుకోవడానికి ప్రత్యేకమైన ప్రొటీన్లు ఉంటాయి. వీటిని రిసెప్టర్లు అంటారు. ఒక్కో రిసెప్టర్ కణపు పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటుతూ, ఒక కొస బయటకు, మరో కొస లోపలికి ఉండేలా అమరి ఉంటుంది. బయటి వైపు ఆక్సిటోసిన్ వచ్చి అతుక్కోగానే రిసెప్టర్ ఆకారం మారుతుంది. ఆ మార్పుతో లోపలి వైపున్న, సంకేతాన్ని ముందుకు అందించే జీ ప్రొటీన్ చురుకవుతుంది. అది ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైమును కదిలిస్తుంది. ఆ ఎంజైము పొరలోని ఒక రకం కొవ్వు అణువును రెండుగా చీలుస్తుంది. అందులో ఒక ముక్క ఐపీ-3. అది కణంలో ఈదుకుంటూ వెళ్లి, లోపల దాచి ఉన్న కాల్షియం బయటికి వచ్చేలా చేస్తుంది. కణద్రవంలో కాల్షియం సుమారు పది రెట్లు పెరుగుతుంది. దాంతో మయోసిన్, ఆక్టిన్ అనే పోగులు ఒకదాని మీద ఒకటి జరిగి కణం ముడుచుకుంటుంది. ఆక్సిటోసిన్ రిసెప్టరును తాకిన తర్వాత ఇదంతా జరగడానికి పట్టేది కొన్ని సెకన్లే. ఒక్క రిసెప్టర్ చాలా జీ ప్రొటీన్లను చురుకు చేయగలదు, ఒక్క ఎంజైము చాలా ఐపీ-3 అణువులను తయారు చేయగలదు కాబట్టి, లీటరు రక్తంలో పది నానోగ్రాముల మేరకు హార్మోన్ ఉన్నా పొదుగంతా చేపుకు వస్తుంది. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. మీ మనిషి వేసే సూదితో రక్తంలో చేరేది దీనికి అనేక రెట్లు ఎక్కువ.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. కణానికి సంకేతం అందుకోవడం ఎంత ముఖ్యమో, దాన్ని ఆపుకోవడం కూడా అంతే ముఖ్యం. ఆపకపోతే కణం ముడుచుకొనే ఉండిపోతుంది. అందుకే రిసెప్టర్ పని మొదలుపెట్టిన కొద్దిసేపటికే, లోపలి ఎంజైములు దాని లోపలి కొసకు, అంటే తోకకు, ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. అరెస్టిన్ అనే ప్రొటీన్ వచ్చి ఆ తోకను పట్టుకుంటుంది. ఆ తర్వాత జీ ప్రొటీనుకు దానితో సంబంధం తెగిపోతుంది. కణం ఆ రిసెప్టరును పొర మీది నుంచి లోపలికి లాగేసుకుంటుంది. దూడ తాగినప్పుడు వచ్చే కొద్దిపాటి హార్మోన్ కొన్ని నిమిషాల్లో రక్తం నుంచి పోతుంది, రిసెప్టర్లు మళ్లీ పైకి వస్తాయి, సాయంత్రానికి అంతా సిద్ధం. రెండు పూటలా, నెలల తరబడి, అవసరానికి ఎన్నో రెట్లు హార్మోన్ వచ్చిపడుతుంటే పరిస్థితి వేరుగా ఉంటుంది. రోజూ సూదికి అలవాటు చేసిన ఆవులకు దాన్ని ఆపి పరీక్షించినప్పుడు, మెదడు నుంచి ఆక్సిటోసిన్ మామూలుగానే వచ్చింది. పొదుగు మాత్రం ఆ మోతాదుకు సరిగా ముడుచుకోలేదు. మీ గేదెకు జరిగింది ఇదేనని నా అభిప్రాయం. మోతాదు పెంచిన ప్రతిసారీ కణాల స్పందన ఇంకొంత మొద్దుబారుతుంది. పాలు పొదుగులో మిగిలిపోతాయి. మిగిలిన పాల ఒత్తిడికి పాలు తయారుచేసే కణాలు కూడా పని తగ్గించుకుంటాయి. మూడు లీటర్లు రెండయింది ఇలాగే.

ఇక మొదటి రోజు ఎందుకు చేపలేదు అనే ప్రశ్న. అప్పటికి సూది వేయలేదు, పొదుగు బాగానే ఉంది. దూడ కనిపించకపోవడంతో, దూడ స్పర్శ, వాసన లేకపోవడంతో మెదడు ఆక్సిటోసిన్ విడుదల చేయలేదు. బెదురు కూడా తోడై ఉంటుంది. బెదిరిన పశువు రక్తంలోకి అడ్రినలిన్ వస్తుంది. దానికీ రిసెప్టర్లు ఉన్నాయి, అవీ రెండు రకాలు. ఆల్ఫా రకం ఉన్నచోట రక్తనాళాలు, పాలనాళాలు బిగుసుకుంటాయి. బీటా రకం ఉన్నచోట వదులవుతాయి. ఒకే హార్మోన్ ఒకచోట ముడిచి, మరోచోట సడలించగలదంటే కారణం అది తాకే రిసెప్టరే. భయపడినప్పుడు పొదుగులో ఆల్ఫా ప్రభావం పైచేయి అవుతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఈలీ, పీటర్సన్ అనే శాస్త్రవేత్తలు 1941లో దీన్ని ప్రయోగం చేసి చూపారు. ఆవు వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, పది సెకన్లకోసారి కాగితపు సంచులు ఢామ్మని పేల్చారు. పొదుగు నిండా పాలున్నా ఆవు చేపలేదు. అడ్రినలిన్ ఎక్కించినా అదే ఫలితం వచ్చింది. పాలు పితికే ముందు గేదెను కర్రతో అదిలించడం, కాళ్లకు బంధం వేసి సూది గుచ్చడం గేదె వైపు నుంచి చూస్తే ఇలాంటివే. మన ఒంగోలు ఆవు దూడ దగ్గర లేకపోతే చేపదని ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. గేదెలో కూడా ఆ స్వభావం కొంత ఉంటుంది, దాన్ని మొండితనం అనుకొని కొట్టవద్దని మనవి.

కాల్షియం గురించి అడిగారు. నేను పైన చెప్పిన కాల్షియం ప్రతి కణంలోనూ లోపల దాచి ఉండేది. ఈనిన కొత్తలో పాలజ్వరం వస్తే కాల్షియం అవసరమే, కానీ అది తాగించినంత మాత్రాన రిసెప్టర్లు పైకి రావు. ఆ డబ్బులు మిగుల్చుకోండి. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు దాణాలో కలపండి, అది పాలిచ్చే ఏ గేదెకైనా అవసరమే.

మనవరాలి గురించి. ఆక్సిటోసిన్ రక్తంలో నిమిషాల్లో విచ్ఛిన్నమవుతుంది. పాలలో కాస్త వచ్చినా మిగతా ప్రొటీన్లలాగే కడుపులో, పేగుల్లో జీర్ణమైపోతుంది. ఇలాంటి పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారనే మాట ఊళ్లలో వినిపిస్తుంది. ఆ మార్పులు తెచ్చేది ఈస్ట్రోజెన్ అనే వేరే హార్మోన్. దాని రిసెప్టర్ వేరు, ఆక్సిటోసిన్ దానికి అతకదు. కాబట్టి ఆ భయం పెట్టుకోకండి. కానీ పేరు లేని సీసాలో ఇంకేం కలిపారో తెలియదు గనుక, పసిపిల్లకు ప్రస్తుతానికి మీ ఇంకో గేదె పాలు కాచి పట్టండి.

ఇక సూది మాన్పించే పద్ధతి. ఒక్కసారిగా ఆపితే పాలు పొదుగులోనే నిలిచి పొదుగువాపు రావచ్చు, గేదె వట్టిపోవచ్చు. మీ మండల పశువైద్యుని సలహాతో, లేబుల్ ఉన్న మందుతో, రెండు మూడు రోజులకోసారి మోతాదు తగ్గిస్తూ రెండు వారాల్లో పూర్తిగా ఆపాలి. ఆక్సిటోసిన్ డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వవలసిన మందు. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా. ఒకే సూదితో పది ఇళ్ల పశువులకు గుచ్చే మనిషిని ఇక మీ కొట్టంలోకి రానివ్వకండి. జబ్బులు ఆ సూదితో కూడా అంటుకుంటాయి.

మోతాదు తగ్గిస్తున్న ఆ రెండు వారాలూ పాలు మీరే తీయండి. రోజూ ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే చోట. కుక్కను, కొత్తవాళ్లను దూరంగా ఉంచండి. ముందు దాణా పెట్టండి, మేత తింటున్నప్పుడు ఆక్సిటోసిన్ బాగా వస్తుంది. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, పొడి గుడ్డతో తుడిచి, దూడ తలతో కుమ్మినట్టు అరచేత్తో కింది నుంచి పైకి నెమ్మదిగా నిమరండి. గేదె చేపుకు రావడానికి రెండు నిమిషాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. చన్నులు ఉబ్బి బిగువెక్కే దాకా పిండవద్దు. బిగువెక్కాక మాత్రం ఆలస్యం చేయకండి, హార్మోన్ ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది. బొటనవేలు మడిచి లాగే అలవాటు ఉంటే మానుకొని, నిండు పిడికిలితో తీయండి. మీ ఇంకో గేదె దూడను ఎదురుగా కట్టేసి చూడండి, కొన్ని గేదెలు దానికే చేపుతాయి. చనిపోయిన దూడ తోలులో గడ్డి కూరి చూపించే పద్ధతి మీ దూడ విషయంలో వద్దు. అది పారుడుతో పోయింది, ఆ రోగం మిగతా దూడకు అంటుకోవచ్చు. మొదటి వారం పాలు ఇంకా తగ్గుతాయి. దాన్ని చూసి భయపడి మళ్లీ సూది వేయించకండి.

చివరగా ఎద సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పదో రోజుకే అరిచిందన్న మాట. గేదెకు ఎద సాధారణంగా 21 రోజులకోసారి వస్తుంది. ఎద ముగిసి అండం విడుదలైన తర్వాత అండాశయం మీద కార్పస్ లూటియం అనే పసుపు రంగు గ్రంథి ఏర్పడి ప్రొజెస్టరాన్ తయారు చేస్తుంది. ఈ హార్మోన్ ఆక్సిటోసిన్‌లా బయట ఆగదు. కొవ్వులో కరిగే గుణం ఉండటంతో పొర దాటి కణంలోకి వెళ్తుంది, లోపలే ఉన్న తన రిసెప్టరుతో కలిసి డీఎన్ఏ మీదికి చేరి, ఏ జన్యువు పని చేయాలో, ఏది ఆగాలో మారుస్తుంది. అందుకే దాని పని సెకన్లలో కాక గంటల్లో, రోజుల్లో కనిపిస్తుంది. గర్భాశయపు పొరలో ఆక్సిటోసిన్ రిసెప్టర్లు రెండు వారాల పాటు తక్కువగా ఉండేలా చూసేది కూడా ఇదే. ఆ గడువు దాటాక గర్భం లేకపోతే రిసెప్టర్లు పెరుగుతాయి, ఆక్సిటోసిన్ వాటిని తాకినప్పుడు గర్భాశయం ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని వదులుతుంది, కార్పస్ లూటియం కరిగి కొత్త ఎద వస్తుంది. ఎద తర్వాత తొలి వారంలోనే ఆవులకు రోజూ ఆక్సిటోసిన్ ఇస్తే ఆ గ్రంథి సరిగా ఎదగక, 8 నుంచి 12 రోజులకే మళ్లీ ఎదకు వచ్చినట్టు 1959లోనే గుర్తించారు. మీ గేదెకు పాల కోసం రెండు పూటలా వేస్తున్న మందు అదే. చూడి నిలవకపోవడానికి అది ఒక కారణమై ఉండవచ్చు.

అదొక్కటే అని మాత్రం గేదెను చూడకుండా నేను చెప్పలేను. గర్భాశయంలో చీము ఉన్నా, అండాశయం మీద నీటి బుడగ ఉన్నా ఇలాగే అవుతుంది. ఎదకు తెప్పించే ప్రోస్టాగ్లాండిన్ సూది కూడా ఇప్పుడు ఎవరు చెప్పినా వేయించకండి. ఎద వచ్చిన మొదటి ఐదు రోజుల్లో దానికి కార్పస్ లూటియం స్పందించదు, చూడి ఉన్నప్పుడు వేస్తే గర్భం పోతుంది. పాల సూది పూర్తిగా ఆగిన తర్వాత వచ్చే ఎదను కట్టించకుండా వదిలేసి, తేదీ రాసుకోండి. ఆ ఎదలో తీగ, అంటే మానం నుంచి కారే జిగురు, తేటగా, గాజులా ఉందా, మడ్డిగా ఉందా చూడండి. మడ్డిగా ఉంటే పశువైద్యశాలకు తోలుకెళ్లండి, అంత దూరం నడిపించలేకపోతే 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. తీగ గాజులా ఉంటే తర్వాతి ఎదకు కట్టించండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున.