పది నెలల గడువు కోసం వాల్వు ఆగదు

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. రాజమండ్రిలో కిరాణా కొట్టు నడిపి, ఈమధ్యే మానేశారు. గుండెలో అయోర్టిక్ వాల్వు బాగా సన్నబడిందని, త్వరగా మార్చాలని డాక్టరు చెప్పారు. మెట్లెక్కితే ఆయాసం, ఒకసారి కళ్లు తిరిగి పడిపోయారు కూడా. ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్‌కు 5 లక్షలు, తొడ దగ్గర రక్తనాళంలోంచి వాల్వు అమర్చే టావీకి 16 లక్షలు అవుతుందట. నాన్నగారి పేర పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో 15 లక్షలున్నాయి, ఇంకా 10 నెలల గడువుంది. అమ్మానాన్నల పేరిట 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇన్సూరెన్స్ లేదు. ఇప్పుడు పాలసీ తీసుకుని, గడువు తీరేదాకా మందులతో నెట్టుకురావచ్చా?

జవాబు: వద్దమ్మా. మందులు ఆయాసాన్ని కాస్త తగ్గిస్తాయేమో గానీ సన్నబడిన వాల్వును తెరవలేవు. లక్షణాలు మొదలయ్యాక వాల్వు మార్చకపోతే సుమారు సగం మంది రెండేళ్లు దాటరని వైద్యులు ఏనాటి నుంచో చెబుతున్న మాట. ఇక మీరు కాపాడాలనుకుంటున్నదెంతో చూడండి. రెండేళ్లు దాటిన సీనియర్ సిటిజన్ ఖాతాను ముందే మూస్తే కోత 1 శాతం, అంటే మీకు 15,000 రూపాయలు. అంతకోసం పది నెలలు ఆగుతారా?

కొత్త పాలసీ ఇప్పుడు అక్కరకు రాదు. బయటపడిన జబ్బుకు 36 నెలల వరకు క్లెయిమ్ ఇవ్వకుండా కంపెనీ వెయిటింగ్ పెట్టవచ్చు. దాచిపెట్టి తీసుకుంటే క్లెయిమ్ రోజున దొరికిపోతారు. దానికన్నా ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఇచ్చే వయ వందన కార్డు చేయించండి. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం, పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే. ఏ ఆసుపత్రిలో, ఏ పద్ధతికి వర్తిస్తుందో ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి కాగితం మీద రాయించుకోండి. టావీకి వస్తుందనుకుని లెక్కలు వేసుకోకండి.

ఏ పద్ధతి అన్నది డాక్టర్లు తేల్చాలి. ఈ వయసులో చాలామందికి టావీ వైపే మొగ్గుతారు. రెండూ ఫర్వాలేదని వాళ్లే అంటే ఖర్చు చూసి ఆపరేషన్ ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. ఆపరేషన్ తట్టుకోలేరంటే మాత్రం డబ్బు మాట పక్కన పెట్టండి. ఎస్టిమేట్‌లో దిగుమతి వాల్వు ధర, మన దేశంలో తయారైన దాని ధర విడివిడిగా అడగండి. టావీ తర్వాత కొందరికి పేస్‌మేకర్ అవసరమవుతుంది, అది కలిపారో లేదో కూడా.

టావీయే అయితే ఖాతా మూస్తే 14.85 లక్షలు చేతికొస్తాయి. మిగిలిన 1.15 లక్షలకు, పైఖర్చులకు ఎఫ్‌డీని తెంచకుండా దాని మీద లోన్ తీసుకోండి. ఎఫ్‌డీ వడ్డీ కన్నా సాధారణంగా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అంతే. ఆ 6 లక్షలు మీ అమ్మగారివి అనుకోండి. మూసిన ఖాతా నుంచి మూడు నెలలకోసారి వచ్చే వడ్డీ ఆగిపోతుంది కాబట్టి ఆ లోటు పిల్లలే నెలనెలా పంపాలి. ఈ మాట ముందే మీలో మీరు తేల్చుకోండి, తర్వాత అడగడం ఆవిడకు చిన్నతనం. ఆపరేషన్‌తో సరిపోయి డబ్బు మిగిలితే మళ్లీ అదే స్కీమ్‌లో వేయవచ్చు.

ఇంకొకటి. ఖాతా మూసే ఫారం మీద నాన్నగారి సంతకం కావాలి. ఐసీయూలో ఉన్న మనిషి చేత అది చేయించలేరు. ఎఫ్‌డీ ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉందో లేదో కూడా ఈ వారమే చూడండి. పోస్టాఫీసులో ముందే మాట్లాడుకోండి, ఆయన్ను మాత్రం మెట్లెక్కించకండి.