మొదటి నాలుగు రోజులూ ఏ పనీ చేయలేదని బాధపడుతున్న చెల్లికి

ప్రశ్న: అక్కా, ప్రభువు నామంలో వందనాలు. నాకు 23 ఏళ్ళు. పోయిన మే నెలలో మా సంఘం నుంచి 11 మందిమి కెన్యాకి పరిచర్యకు వెళ్ళాం. కిసుము దగ్గర అహేరో అనే ఊరి పక్కన 16 రోజులున్నాం. వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ బడి) కోసం మూడు నెలలు పాటలు, బొమ్మలతో కథలు అన్నీ ప్రాక్టీసు చేసి మరీ వెళ్ళాం. తీరా వెళ్ళాక మొదటి నాలుగు రోజులూ మమ్మల్ని కూర్చోబెట్టి తిండి పెట్టడమే సరిపోయింది. పొద్దున 9 గంటలకి వీబీఎస్ పెడితే ఐదారుగురు చంటిపిల్లలు వచ్చారు, అంతే. ఒకటే వాన, బురద. తిండి సహించలేదు. రెండో రాత్రి దోమతెరలో పడుకుని ఏడ్చాను. ఇంతమంది కానుకలిచ్చి పంపితే నేనిక్కడ ఏం చేస్తున్నాను అనిపించింది. మా లీడర్ అన్నయ్య ‘ముఖం అలా పెట్టుకోకు, వాళ్ళేమనుకుంటారు’ అన్నారు. చివరి వారం బాగానే జరిగింది కానీ ఆ మొదటి రోజులు తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఈ మేలో మళ్ళీ వెళ్తున్నారు, నన్నూ రమ్మంటున్నారు. నాకసలు పిలుపు లేదేమో. వెళ్ళనా, వద్దా?
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: చెల్లీ, వందనాలు. వెళ్ళమ్మా. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతావి మాట్లాడతాను.

ఏడ్చినందుకు పిలుపు లేదనుకోవద్దు. నేను 31 ఏళ్ళు నర్సుగా చేశాను కాబట్టి మొదట నీ ఒంటి సంగతి చెబుతాను. ఒంగోలు నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి ముంబయి, ముంబయి నుంచి నైరోబీకి ఆరు గంటల పైన విమానం, మళ్ళీ కిసుముకి ఇంకోటి. రెండు రాత్రులు నిద్ర ఉండదు. దిగేసరికి మన గడియారం వాళ్ళకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది. నీళ్ళు కొత్త. దానికి తోడు మలేరియా రాకుండా వేసుకునే మాత్ర. తిండి సహించలేదన్నావు కదా, ఆ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుని ఉంటావు. అలా వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. ఈసారి నాలుగు ముద్దలు తిన్నాకే వేసుకుని నిండా గ్లాసుడు నీళ్ళు తాగు. రెండో రాత్రి ఏడుపులో సగం అలసటే. నేనూ ఏడ్చాను, మాతో వచ్చిన 50 ఏళ్ళ పాస్టరుగారూ ఏడ్చారు.

పిల్లలు రాకపోవడం కూడా మీ ప్రార్థనలో లోపం కాదు. మనకి మే అంటే వేసవి సెలవులు. కెన్యాలో బడి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. ఏప్రిల్‌లో కొన్ని వారాలు సెలవులిచ్చి రెండో టర్ము మొదలుపెడతారు, అది ఆగస్టు దాకా నడుస్తుంది. అంటే మీరు బొమ్మలు పట్టుకుని కూర్చున్న ఆ పొద్దున 9 గంటలకి పిల్లలంతా యూనిఫారాలు వేసుకుని బళ్ళో ఉన్నారు. సాయంత్రం నాలుగు దాటాక పెట్టి ఉంటే షెడ్డు నిండేది. చివరి వారం బాగా జరిగిందంటే వేళ మార్చుకునే ఉంటారు. వానలూ అంతే. అక్కడ పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా. ఇక్కడ ఎండకు భయపడి కాటన్ బట్టలు సర్దుకుని వెళ్తాం, అక్కడేమో అహేరో చుట్టూ మన నల్లరేగడి లాంటి నేల, చెప్పు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. ఇవన్నీ ముందే అడిగి తెలుసుకోవాల్సింది మీ లీడరు. నువ్వు మోయాల్సిన నేరం కాదు.

ఇక అసలు సంగతి. నాలుగు రోజులు ‘కూర్చోబెట్టి తిండి పెట్టడమే’ అన్నావు చూడు, ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. నా మొదటి ప్రయాణం గుర్తొచ్చింది.

2012లో అదే కిసుము వైపు వెళ్ళాను. దిగిన రెండో రోజు పొద్దున్నే ఎవర్నీ అడగకుండా ప్రార్థన షెడ్డు ముందు బల్ల వేసి బీపీ మిషను పెట్టేశాను. గంటలో 60 మంది వరుస కట్టారు. చాలా సంతోషపడ్డాను. ఆ పక్కనే చిన్న క్లినిక్, అందులో 15 ఏళ్ళుగా ఒక్కతే పనిచేస్తున్న నర్సు ఉన్నారని నాకు తెలియదు. ఆ రోజు ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి నా వరుసను చూస్తున్నారు. నేను ఆవిడను చూసి చెయ్యి ఊపాను. అంతకంటే ఏమీ తోచలేదు నాకు.

మర్నాడు ఆవిడే నన్ను భోజనానికి పిలిచారు. అక్కడ అన్నం ముందు అతిథి చేతులు ఇంటివాళ్ళే కడుగుతారు, నువ్వూ చూసే ఉంటావు. ఒక చేత్తో బేసిను, ఇంకో చేత్తో ప్లాస్టిక్ జగ్గు పట్టుకుని నా ముందుకొచ్చి కొంచెం వంగారు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. నాకోసం బొగ్గుల కుంపటి మీద కాచారు. ‘అయ్యో, నేను కడుక్కుంటాను’ అని జగ్గు అందుకోబోయాను. ఆవిడ జగ్గు పక్కకి జరిపి తల అడ్డంగా ఊపారు. చేసేది లేక చేతులు చాపాను. సన్నగా పోస్తూ నేను సబ్బు రుద్దుకునేదాకా ఆగి, వేళ్ళ సందుల్లో నురగ పోయేదాకా మళ్ళీ పోశారు. ఒక్క మాట మాట్లాడలేదు. పేతురు తన పాదాలు కడగవద్దని ప్రభువుతో ఎందుకన్నాడో నాకు ఆ బేసిను ముందు అర్థమైంది. ఇవ్వడం నాకు బాగా అలవాటు, పుచ్చుకోవడమే చేతకాలేదు.

అన్నం తిన్నాక, ‘రేపు నన్ను మీ క్లినిక్‌లో ఏం చేయమంటారు?’ అని అడిగాను. తూకం వేసేటప్పుడు పసిపిల్లల్ని పట్టుకోమన్నారు. పది రోజులు అదే చేశాను. బీపీ మిషను ఆవిడ దగ్గరే వదిలేసి వచ్చాను.

డెబ్బైమంది శిష్యుల్ని ఊళ్ళకి పంపినప్పుడు ప్రభువు చెప్పిన మాటల్లో, మీ ముందు పెట్టింది తినండి అన్నది ఒకటి. లూకా 10వ అధ్యాయం తీసి చూడు. రోగుల్ని బాగుచేయమనడానికి ముందే ఆ మాట ఉంటుంది. ఒక ఇంట్లో ఉండండి, ఇల్లిల్లూ మారకండి అంటాడు. మొదటి రోజుల్లో చేయాల్సిన పని అంటూ ఉంటే అదే. దాన్ని ఖాళీ అనుకోకు.

కెన్యాలో నూటికి 80 మందికి పైగా క్రైస్తవులే. క్రాఫ్ అనే జర్మన్ మిషనరీ మొంబాసాలో అడుగుపెట్టింది 1844లో. కొన్ని నెలలకే జ్వరంతో భార్య, అప్పుడే పుట్టిన బిడ్డ ఇద్దరూ పోయారు. వాళ్ళ సమాధి ఆ తీరంలోనే ఉంది. అంత పాత విశ్వాసం ఉన్న చోటికి మనం వెళ్తున్నాం, వాళ్ళకి ప్రభువుని కొత్తగా పరిచయం చేయడానికి కాదు. మరి ఎందుకు? ఇదే ప్రశ్నకి మన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1910లో ఎడిన్‌బరో మహాసభలో జవాబిచ్చారు. అప్పటికింకా ఆయన బిషప్ కాలేదు. పాశ్చాత్య మిషనరీలంతా కూర్చున్న సభలో నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. అప్పుడు అడిగిన వైపు మనం ఉన్నాం. ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళే వైపు ఉన్నాం కాబట్టి ఆ మాట మనం ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

ఈసారి వెళ్ళినప్పుడు మొదటి మూడు రోజులు ప్రోగ్రాం ఏమీ వద్దని మీ లీడర్ అన్నయ్యతో ఇప్పుడే మాట్లాడు. నీకు చనువు లేకపోతే నా జవాబు చూపించు. వంటింట్లోకి వెళ్ళు. ఉగాలీ అంటే మన సంకటే కదమ్మా, రాగి బదులు మొక్కజొన్న పిండి. ముద్ద చేసి బొటనవేలితో గుంట నొక్కి ఆకుకూర అందులో తీసుకో, గొంతు దిగుతుంది. ఒమెనా అని సరస్సు చేపలు ఎండబెట్టి వండుతారు. మన ఎండు నెత్తళ్ళు తినేదానివైతే ఆ వాసనకే ఆకలేస్తుంది. రోజుకి ఐదు పేర్లు నేర్చుకో, మనుషుల పేర్లు. ‘బ్వానా అసిఫివే’ అంటే మన ‘ప్రభువుకు స్తోత్రం’. అక్కడి లువో భాషలో ‘ఎరోకమానో’ అంటే కృతజ్ఞతలు. స్వాహిలీలో వేళ చెబితే మాత్రం జాగ్రత్త. వాళ్ళు గంటల్ని పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్కపెడతారు, మూడో గంట అంటే మన 9. ఇంకోటి, నీ కాలు జారితే పక్కనున్నవాళ్ళు ‘పోలే’ అంటారు. తప్పు వాళ్ళది కాకపోయినా అంటారు. మనం ‘అయ్యో’ అంటామే, అది. ఏడుపొస్తే దోమతెరలో దాచుకోకుండా ఆ ఇంటి అమ్మ దగ్గర ఏడువు. ఆమె ఆ మాట అంటుంది, నువ్వు వినాలి.

పిల్లల ఫొటోలు మొదటి రోజుల్లో తీయవద్దు. రిపోర్టు కోసం అడిగినా సరే. వాళ్ళ అమ్మానాన్నల పేర్లు తెలిశాక, అడిగి తీసుకో.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి కూడా ఈ వేసవిలో సంఘంతో కెన్యా వెళ్తోంది. ఏ టీకాలు వేయించాలి? ఆవకాయ, కందిపొడి పంపవచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, యెల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఉంది. వేయించిన పది రోజులకి గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు, కాబట్టి చివరి వారం దాకా ఆగవద్దు. ఒకసారి వేస్తే జీవితాంతం పనికొస్తుంది. ఆ సర్టిఫికెట్ ఉండే పసుపు పుస్తకం పోగొట్టుకుంటే తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టవచ్చు. గుడ్డు పడని పిల్లయితే ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పండి. మలేరియా మాత్రలు డాక్టరు రాసినన్ని రోజులూ, ఇంటికొచ్చాక కూడా మింగాలి.

ఆవకాయ పంపండి, గట్టి మూత ఉన్న డబ్బాలో. పాలిథిన్ కవర్లలో చుట్టవద్దు, ప్లాస్టిక్ సంచుల్ని కెన్యాలో 2017 ఆగస్టు నుంచి నిషేధించారు. అయితే రెండు డబ్బాలు పెట్టండి. ఒకటి ఆ ఇంటివాళ్ళకని అమ్మాయికి చెప్పి పంపండి. గదిలో తలుపేసుకుని తినడానికి కాదు.

తిరిగొచ్చాక రెండు మూడు నెలల్లో ఎప్పుడు జ్వరమొచ్చినా మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఆఫ్రికా వెళ్ళొచ్చిందని మొదటి మాటగా చెప్పండి.